పక్క సీటు, రోడ్‌బుక్కు, భీమిలి రోడ్డు

2000 దాటిన తొలి ఏళ్ళలో విశాఖపట్నంలో స్పోర్ట్స్ కారు అని చెప్పుకోదగిన బండ్లను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో ఒకటి మా మేనమామది. దాని పేరు శాన్ స్టార్మ్. 1990ల చివర్లో గోవాకు చెందిన శాన్ మోటార్స్ మన దేశంలోనే తయారుచేసిన, రెండే సీట్లున్న, గుడ్డ కప్పు మడిచి వెనక్కి తీసెయ్యగలిగిన చిన్న కారు అది. ఇంజను రెనో వారిది, 1149 సీసీ, 60 అశ్వశక్తి. ఈ అంకెలు విని ఇప్పటి పిల్లలు నవ్వుతారని నాకు తెలుసు; ఇవాళ వీధికి పది కనబడే మామూలు హ్యాచ్‌బ్యాకులకే అంతకు మించిన శక్తి ఉంది. కానీ ఒళ్ళంతా ఫైబర్ గ్లాసు కావడం వల్ల ఆ కారు తేలికగా ఉండేది, సీట్లు దాదాపు నేలబారున ఉండేవి, కప్పు తీసి బీచ్ రోడ్డు మీద వెళ్తుంటే నలభై కిలోమీటర్ల వేగం కూడా ఎనభైలా తోచేది. మా ఊరికి ఫైబర్ గ్లాసు మరొక విధంగా కూడా వరమే. లాసన్స్ బే కాలనీలాంటి చోట ఆరుబయట పెట్టిన ఇనుప కారు తలుపుల అడుగు అంచులను ఉప్పుగాలి కొన్ని వర్షాకాలాల్లోనే తినేస్తుంది. మావయ్య కారు ఒంటికి ఆ బాధ లేదు కానీ, కిందనుండే సైలెన్సరూ నట్లూ బోల్టులూ మాత్రం ఉప్పుగాలికి లొంగక తప్పలేదు. ఒక బోల్టు విప్పాలంటే ముందురోజు రాత్రే దాని మీద కిరసనాయిలు పోసి నానబెట్టేవాడు.

ఆ కారు ఉన్నందుకు ఆయన మా ఊరి స్పోర్ట్స్ కార్ల క్లబ్బులో చేరాడు. ఆయన చేరినందుకు నేను పక్క సీట్లోకి చేరాను. అప్పటికి నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను, లెక్కలు నోటితో చేసెయ్యగలనని మా ఇంట్లో నాకొక పేరుండేది. "అల్లుడూ, నాకు డ్రైవింగొచ్చు, నీకు ఎక్కాలొచ్చు, ఇంకేం కావాలి?" అన్నాడు మావయ్య. ఆ మాటలో వేళాకోళం కంటే అవసరమే ఎక్కువని మొదటి ర్యాలీ సగంలోనే అర్థమైంది.

క్లబ్బు పేరులో స్పోర్ట్స్ కార్లు ఉండేవి కానీ, ఆదివారం తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర వరసగా నిలిచే బండ్లను చూస్తే ఆ పేరు కాస్త పెద్దదే అనిపించేది. ఫియట్ పాలియో 1.6, హోండా సిటీ వీటెక్, ఫోర్డ్ ఐకాన్, ఒకటి రెండు మారుతి జెన్‌లు, నేవీలో పనిచేసే ఒకాయన సొంత జిప్సీ, వీటన్నిటి మధ్యా ఒక పెద్ద డాక్టరుగారి పాత స్టాండర్డ్ హెరాల్డ్. అది మద్రాసులో తయారైన కారు. బానెట్టూ ముందు మడ్‌గార్డులూ కలిసి ఒకే ముక్కగా ముందుకు లేచేవి, ఇంజను మొత్తం బయటపడేది. డాక్టరుగారు ప్రతి ఈవెంటుకు ముందూ దాన్ని అలా ఎత్తిపెట్టి, చూడాలనుకున్న ప్రతివాడికీ చూపించేవారు. మిగతావాళ్ళు బండి కడుక్కుని వస్తే ఆయన బండి కడుపు చూపించడానికి వచ్చేవారని మావయ్య అనేవాడు. సభ్యుల్లో ఎక్కువమంది ఓడల మరమ్మతులు, ఉక్కు, నూనె శుద్ధి వంటి పనుల్లో ఉన్న ఇంజనీర్లు, నౌకాదళం వారు, కొద్దిమంది డాక్టర్లు, ఒకరిద్దరు కాంట్రాక్టర్లు. కారు గురించి మాట్లాడే మనిషి దొరకడమే అందరికీ కావలసింది. ఆ రోజుల్లో ఆ మనిషి ఫోనులో దొరికేవాడు కాదు.

రేసులంటే మాకూ ఆశ ఉండేది. మద్రాసు వాళ్ళకు షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే ఉండేది, 1990 నుంచి శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో అసలైన ట్రాకే వచ్చింది. కోయంబత్తూరు వాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు, ఆ ఊళ్ళో మోటారు పందేలు ఒక సంప్రదాయం. మా ఊరికి అటు కొండలు, ఇటు సముద్రం, మధ్యన ఉన్న కొద్దిపాటి రోడ్డు మీద అందరితోపాటే మనమూ వెళ్ళాలి. అందుకని మా క్లబ్బు మూడు పనులు పెట్టుకుంది: సగటు వేగంతో నడిచే టీఎస్‌డీ ర్యాలీలు, ఖాళీ లేఅవుట్లో కోన్లు పెట్టి ఆడే జింఖానా, డిసెంబరు ప్రాంతంలో అరకు ప్రయాణం. ఇరవై ఏళ్ళ తరవాత కూడా నాకు నిద్రలో వినిపించేవి మాత్రం ర్యాలీ సెకన్లే.

టైమ్, స్పీడ్, డిస్టెన్స్ కలిస్తే టీఎస్‌డీ. అందులో ఎవరు ముందు చేరారన్నది ఎవరికీ పట్టదు. నిర్వాహకులు దారిని ముక్కలుగా విడగొట్టి ఒక్కొక్క ముక్కకు ఒక్కొక్క సగటు వేగం ఇస్తారు. అది ఎప్పుడూ ఆ రోడ్డు మీద చట్టం ఒప్పుకునే వేగానికి బాగా లోపలే ఉంటుంది. ఇక్కడి నుంచి రామాలయం దాకా గంటకు 36 కిలోమీటర్లు, అక్కడి నుంచి వంతెన దాకా 40, ఊళ్ళోకి వచ్చాక 30 అన్నట్టుగా. బండ్లు నిమిషానికొకటి చొప్పున బయల్దేరతాయి. దారిలో ఎక్కడుందో ముందుగా చెప్పని చోట ఒక మార్షల్ గడియారం పట్టుకుని కూర్చుంటాడు. ఆ సగటు ప్రకారం ఆ చోటికి మన బండి ఏ సెకనుకు రావాలో ఆయన దగ్గర రాసి ఉంటుంది. మా నిబంధనల ప్రకారం ఆలస్యమైన ప్రతి సెకనుకూ ఒక పాయింటు జరిమానా, ముందుగా వస్తే సెకనుకు రెండు. త్వరగా వచ్చినవాడికే పెద్ద శిక్ష! మావయ్యకు ఈ నిబంధన చివరిదాకా మింగుడుపడలేదు. స్పోర్ట్స్ కారు కొన్నవాణ్ణి నెమ్మదిగా వచ్చినందుకు మెచ్చుకునే ఆట లోకంలో ఇంకెక్కడైనా ఉంటుందా అని ప్రతిసారీ అడిగేవాడు, ప్రతిసారీ తెల్లవారుజామున నాలుగింటికే లేచి కారు తుడిచేవాడు.

విశాఖపట్నం తూర్పు నౌకాదళానికి కేంద్రం కావడం ఈ విషయంలో మాకు బాగా కలిసొచ్చింది. మొదటి ర్యాలీకి ముందు సాయంత్రం, జిప్సీ ఆయన మావయ్య ఇంటి షెడ్డులో నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, మా కొత్తవాళ్ళందరికీ లెక్క నేర్పాడు. ఒడ్డు కనబడని సముద్రంలో ఓడ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది? ఏ దిక్కుకు, ఎంత వేగంతో, ఎంతసేపు నడిచిందో తెలిస్తే చాలు, పటం మీద చుక్క పెట్టవచ్చు. రోడ్డు మీద దిక్కు గొడవ లేదు, రోడ్డే చూపిస్తుంది. మిగిలినవి వేగం, సమయం, దూరం మాత్రమే. ఆయన హిందీలో చెబుతూ, మధ్యమధ్య ఇంగ్లీషులోకి వెళుతూ, 3600ను సగటు వేగంతో భాగిస్తే కిలోమీటరుకు ఎన్ని సెకన్లో వస్తుందని నేల మీద రాశాడు. 36కు 100, 40కి 90, 45కు 80, 48కి 75, 30కి 120. ఆ వరస నాకు అదే రాత్రి నోటికొచ్చింది, ఇప్పటికీ పోలేదు.

అసలు చిక్కు అంకగణితంలో లేదు, మీటరులో ఉంది. ఏ కారు మీటరూ సరిగ్గా నిజం చెప్పదు. టైర్లు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, మీటరు ఎక్కువ దూరం చూపిస్తుంది. గాలి తగ్గినా దాదాపు అదే కథ. అందుకని ర్యాలీలో మొదటి ముక్కకు సమయం లెక్క కట్టరు. అది మీటరును సరిచూసుకోవడానికి ఇచ్చిన దూరం. దారి చూపే పుస్తకం, అంటే రోడ్‌బుక్కులో 12.0 అని ఉన్న చోటికి వచ్చేసరికి మా మీటరు 12.3 చూపించింది, అంటే నూటికి రెండున్నర ఎక్కువ. అలాంటప్పుడు 36 సగటుకు కిలోమీటరుకు వంద సెకన్లు అని కూర్చుంటే మునిగిపోతాం. మా మీటరు కిలోమీటరుకు 97.5 సెకన్లు మాత్రమే పడుతుంది. ఇంత చిన్న తేడాకు ఇంత రాద్ధాంతమా అనిపించవచ్చు. పాతిక కిలోమీటర్ల ముక్కలో ఆ రెండున్నర సెకన్లు నిమిషం దాటతాయి, ఆ నిమిషంతో బహుమతులు ఇచ్చే బల్ల దగ్గరి నుంచి చప్పట్లు కొట్టేవాళ్ళ వరసలోకి దిగిపోతాం.

స్టార్మ్‌లో ఓడోమీటరు పాతకాలపు చిన్న చక్రాలదే. చివరి చక్రం కిలోమీటరులో పదోవంతు చూపించేది. గంటకు 36 కిలోమీటర్లంటే సెకనుకు సరిగ్గా పది మీటర్లు, కాబట్టి ఆ చక్రం ఒక అంకె నుంచి మరో అంకెకు జరగడానికి పది సెకన్లు పడుతుంది. నా చూపంతా అక్కడే ఉండేది. అంకె కిందికి సగం దిగి, పై అంకె తల కనిపిస్తున్నప్పుడు ఎంత దూరం వచ్చామో కంటితోనే ఐదు మీటర్ల తేడాలో చెప్పగలిగేంతవరకూ దాన్ని చూశాను. తొడ మీద రోడ్‌బుక్కు, ఎడమ చేతిలో స్టాప్‌వాచీ, కుడి చేతిలో పెన్సిలు, చెవి దగ్గర హోరుమని గాలి. పెన్ను వాడకూడదని అనుభవం మీద తెలిసింది, సముద్రపు తుంపరకు సిరా అలికిపోతుంది. నేను "మూడు సెకన్లు ముందున్నాం" అంటే మావయ్య కాలు కాస్త ఎత్తేవాడు, "సరిపోయింది" అంటే అలాగే పట్టేవాడు. ఇంట్లో ఎవరి మాటా వినని మనిషి ఆ మూడు నాలుగు గంటలూ ఇరవై ఏళ్ళ కుర్రవాడి నోటి మీద నడిచేవాడు. అమ్మమ్మ ఈ వింత చూడటానికి ఒకసారి బీచ్ దాకా వచ్చింది కానీ, బండి బయల్దేరేదాకా ఆయన నాకు ఎదురు చెబుతూనే ఉన్నందువల్ల నిరాశగా ఇంటికి వెళ్ళిపోయింది.

రోడ్‌బుక్కు సంగతి చెప్పాలి. అందులో వాక్యాలుండవు. ఒక్కొక్క మలుపుకూ ఒక గడి, గడిలో ఒక చుక్కా ఒక బాణమూ. చుక్క దగ్గర మనం ఉన్నాం, బాణం వైపు వెళ్ళాలి. పక్కన మొదటి నుంచి ఎంత దూరమో, కిందటి మలుపు నుంచి ఎంత దూరమో రాసి ఉంటుంది. ఈ బొమ్మలను ట్యూలిప్పులంటారు, నెదర్లాండ్స్‌లో జరిగే ట్యూలిప్ ర్యాలీ నుంచి వచ్చిన పద్ధతి ఇది. డచ్చివారి బొమ్మలు చూసుకుంటూ, డచ్చివారి సమాధులున్న భీమిలికి పోవడం మాకు మాత్రమే దక్కిన చిత్రమని డాక్టరుగారు అనేవారు.

భీమిలి దారి ఆ రోజుల్లో వేరు. కురుసుర జలాంతర్గామిని ఒడ్డుకు తెచ్చి 2002లో మ్యూజియంగా తెరిచాక మా బండ్లు దాని దగ్గరే వరస కట్టేవి. పోలీసులకు ముందుగానే కాగితం ఇచ్చి, వాకింగుకు వచ్చే పెద్దవాళ్ళకు అడ్డం కాకుండా ఒక పక్కకు నిలిపేవాళ్ళం. అక్కడి నుంచి అప్పూఘర్, తెన్నేటి పార్కు, కైలాసగిరి అడుగున కొండకూ సముద్రానికీ మధ్య ఇరుకున సాగే ఆ వంపు, ఆ పైన సాగర్ నగర్. సాగర్ నగర్ దాటితే ఇక ఇళ్ళు పలచబడేవి. ఋషికొండ దగ్గర కొండ మీద కొద్దిపాటి కాటేజీలు, మంగమారిపేటలో రోడ్డు పక్కన ఆరబెట్టిన వలలు, ఎడమ వైపు తొట్లకొండ, సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఆ పైన ఎర్రమట్టి దిబ్బలు, చివరికి గోస్తనీ నది సముద్రంలో కలిసే భీమిలి. ఇప్పుడు ఆ దారిలో ఎత్తైన మేడలూ హోటళ్ళూ వచ్చాయి, రోడ్డు వెడల్పయింది. మా రోడ్‌బుక్కుల్లో 'కుడి వైపు ఒంటి తాటిచెట్టు' అని ఉండేది. ఆ గుర్తుతో ఇవాళ ఎవరూ ఎక్కడికీ చేరలేరు.

అంత మంచి రోడ్డు మీద, అంత పొద్దున్న, ఖాళీగా ఉన్నప్పుడు, గంటకు 36 కిలోమీటర్లు. మావయ్య పడ్డ యాతన చెప్పనలవి కాదు. ఒకసారి సాగర్ నగర్ దాటాక వెనకనుంచి ఒక ఆటో వచ్చి మా పక్కన సమానంగా నడిచింది. నిండా చేపల బుట్టలు, వాటి మధ్య ఇద్దరు ఆడవాళ్ళు. డ్రైవరు మా ఎర్ర కారును పైనుంచి కిందిదాకా చూసి, "ఏటి సార్, బండి లాగట్లేదా? మెకానిక్‌ని పంపమంటారా?" అని అడిగాడు. జాలిగానే అడిగాడు, ఎగతాళి లేదు. మావయ్య పళ్ళు బిగించి, "లాగుతోంది బాబూ, మేమే లాగనివ్వట్లేదు" అన్నాడు. ఆటో మమ్మల్ని దాటి వెళ్ళిపోయింది. నేను స్టాప్‌వాచీ చూసి ఇంకా రెండు సెకన్లు ముందున్నామని చెప్పవలసి వచ్చింది. ఆ క్షణంలో ఆయన నన్ను చూసిన చూపు మా బంధుత్వం వల్ల మాత్రమే ఆగింది.

మార్షల్స్ దాక్కోవడంలో ఒక్కొక్కరికీ ఒక్కొక్క పద్ధతి. ఒకాయన ఎప్పుడూ బోర్లించిన పడవ వెనక. ఒకాయన టీ దుకాణం బల్ల మీద పేపరు అడ్డం పెట్టుకుని, జేబులో గడియారంతో. పద్ధతి తెలిసినా లాభం లేదు, మార్షల్‌ని చూసి బ్రేకు వేసి ఆగినా, పాకినట్టు నడిపినా దానికి వేరే జరిమానా. కనుక ఎప్పుడూ సరిగ్గా ఉండటం తప్ప వేరే దారి లేదు, ఈ ఆటలో నాకు నచ్చింది కూడా అదే. ఈ పనిలో మా అందరికంటే దిట్ట జిప్సీ ఆయన భార్య. పంజాబీ ఆవిడ, ఎక్కువ మాట్లాడేది కాదు. మార్షల్ ఉండవచ్చని తనకు అనుమానం వచ్చిన ప్రతి గడి పక్కనా రోడ్‌బుక్కులో ఒక ఎర్ర స్టిక్కరు బొట్టు అంటించేది. బయల్దేరే ముందు ఐదు నిమిషాల్లోనే కాగితాలు తిరగేసి ఆ పని పూర్తిచేసేది. భోజనాల దగ్గర ఆ పుస్తకం అడిగి తీసుకుని చూశాను. మార్షల్స్ నిజంగా కూర్చున్న చోట్లలో ఎక్కువ వాటికి బొట్లున్నాయి. ఎలా కనిపెట్టారని అడిగితే, "నిర్వాహకులు కూడా మనుషులే, నీడ ఉన్న చోటే కూర్చుంటారు" అంది.

లెవెల్ క్రాసింగుల గొడవ కొత్తవలస వైపు వెళ్ళినప్పుడు ఉండేది. బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దింపడానికి 1960ల్లో వేసిన కొత్తవలస–కిరండూల్ లైను అది. గేటు పడిందంటే ఎర్రదుమ్ము పూసుకున్న వ్యాగన్లు ఎన్ని పోతాయో లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. గేటు దగ్గర మా మార్షల్ ఒకడు నిలబడి ఎవరు ఎంతసేపు ఆగారో రాసుకుని, ఆ సమయం తరవాత కలిపేవాడు. అలాంటి చోట మాత్రం మావయ్య ముఖంలో శాంతి కనిపించేది. ఆగినందుకు ఎవరూ తప్పుపట్టరు కదా.

జింఖానా గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అందులో పక్క సీటు ఖాళీ. మధురవాడ వైపు ప్లాట్లు వేసి ఇళ్ళు ఇంకా కట్టని ఒక లేఅవుట్‌ను ఆ యజమానిని అడిగి తీసుకునేవాళ్ళం. ఎర్రనేల, కోన్లు, హెల్మెట్టు, సీటు బెల్టు. బండిలో వదులుగా ఉన్న ప్రతి వస్తువూ, కింద పరిచిన మ్యాటు కూడా, తీసి బయట పెట్టించేవారు. మ్యాటు జరిగి బ్రేకు పెడలు కింద దూరితే ఏమవుతుందో మెకానిక్ ఒకడు మాకు చేసి చూపించాడు. బ్యాటరీ బిగింపు, వెనక బ్రేకు లైట్లు, టైర్ల గాలి చూసి బానెట్టు మీద సుద్దతో టిక్కు పెట్టేవారు. కోన్ల మధ్య పాములా తిరిగి, ఒక గడిలో ఆగి, చిన్న జాగాలో వెనక్కి తిప్పుకుని రావాలి. కొత్తవాళ్ళందరూ మలుపులోకి వేగంగా దూరిపోయేవారు. ముందు చక్రాలు పట్టు తప్పి, స్టీరింగు ఎంత తిప్పినా బండి నేరుగా పోయి కోన్లను గుద్దేది. ముందే నెమ్మదించి, మలుపు సగం అయ్యాక కాలు పెట్టినవాళ్ళే గడియారం మీద ముందుండేవారు. ఆ లేఅవుట్లో నాకు గుర్తుండిపోయింది డాక్టరుగారి హెరాల్డ్ మాత్రమే. ఆ కారు కేవలం పాతిక అడుగుల వృత్తంలో పూర్తిగా తిరిగిపోతుంది, దాని ముందు చక్రాలు అంతగా మళ్ళుతాయి. కుర్రవాళ్ళ వీటెక్‌లు రివర్సు గేరు వెతుక్కుంటున్న చోట, ఆయన ఒంటి చేత్తో చుట్టూ తిప్పుకుని, అద్దంలోంచి నమస్కారం పెట్టి వెళ్ళిపోయారు.

అరకు ప్రయాణం ఎప్పుడూ పోటీ కాదు. శృంగవరపుకోట దాటి బొడ్డవర దగ్గర కొండ మొదలవగానే గడియారాలన్నీ సంచుల్లోకి వెళ్ళాలన్నది క్లబ్బు నియమం. దాన్ని అతిక్రమించినవాణ్ణి మరుసటి ఏడు పిలిచేవారు కాదు. సంత రోజుల్లో వెళ్ళకూడదన్నది ఇంకో నియమం. పసుపు, చింతపండు, అడ్డాకులు నెత్తిన పెట్టుకుని మనుషులు మైళ్ళ కొద్దీ రోడ్డు అంచున నడుస్తున్నప్పుడు వాళ్ళ మధ్యనుంచి ఎర్ర కారు ప్రదర్శన అవసరం లేదని డాక్టరుగారు తేల్చి చెప్పారు. ఎక్కుతున్న బండికి దిగుతున్న బండి దారివ్వాలి. కనబడని ప్రతి మలుపు దగ్గరా హారను. ఎక్కేటప్పుడు ఏ గేరు పట్టిందో దిగేటప్పుడూ అదే గేరు.

ఈ చివరి మాటను మావయ్య కొంత అతిశయంతో చెప్పేవాడు కానీ, దాని వెనక ఉన్న సంగతి అసలైనది. కొండ దిగే బండి బరువంతా బ్రేకుల మీద పెడితే అదంతా వేడిగా మారుతుంది. ఆ వేడి ప్యాడుల నుంచి బ్రేకు ఆయిలుకు పాకుతుంది. బ్రేకు ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది, మా ఊరి గాలిలో తేమకు కొదవ లేదు. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. నిర్ణీత మోతాదులో తేమ పట్టాక 140 డిగ్రీలకే మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. మరిగితే గొట్టాల్లో ఆవిరి బుడగలు, కాలి కింద పెడలు మెత్తగా దూదిలా దిగిపోవడం. అందుకని వర్షాలు వెళ్ళాక, అరకు ముందు, ప్రతి ఏడూ ఆయిలు మార్పించేవాడు. మెకానిక్ పెడలు తొక్కుతుంటే నేను చక్రం దగ్గర కూర్చుని పారదర్శకమైన గొట్టంలోంచి పాత ఆయిలు టీ రంగులో దిగి, క్రమంగా తేనె రంగుకు మారేదాకా చూసి, ఆయిలు వదిలే నిపిలు బిగించమని చెప్పేవాణ్ణి.

కొండ మీదికి కప్పు తీసే వెళ్ళేవాళ్ళం, ఎంత చలైనా సరే. టైడా దాటాక గాలి వాసన మారేది. అనంతగిరి దగ్గర లోయకు అవతల కొండ నడుము చుట్టూ రైలు దారి కనిపించేది. ఖనిజం నింపుకున్న గూడ్సు ఒక సొరంగంలోంచి తల బయటపెట్టి, ఇంకా తోక రాకముందే మరో సొరంగంలో దూరేది. గాలికొండ దగ్గర మబ్బు రోడ్డు మీదికే వచ్చేది, కప్పు లేని కారులో కూర్చున్న మా చొక్కాలు వాన లేకుండానే తడిసేవి. సుంకరిమెట్టలో సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ మొక్కలు, చెట్ల మొదళ్ళకు అల్లుకున్న మిరియాల తీగలు. అరకు లోయలోకి దిగేసరికి పొలాలు పొలాలుగా పసుపుపచ్చని వలిసె పూలు. అక్కడ బండ్లన్నీ ఒక పక్కకు నిలిపి, బొంగులో చికెన్ కాలేదాకా బానెట్ల చుట్టూ చేరి మళ్ళీ కార్ల గురించే మాట్లాడుకునేవాళ్ళం. సెలవు రోజు అడవిలోకి వచ్చి కూడా కార్బ్యురేటరు గొప్పదా, ఫ్యూయల్ ఇంజెక్షన్ గొప్పదా అని వాదించుకునే మగవాళ్ళను చూసి అత్తయ్య ఒక్కసారే వచ్చింది, మళ్ళీ రాలేదు.

క్లబ్బు ఎప్పుడు ఆగిపోయిందో చెప్పడం కష్టం, ఎవరూ దాన్ని మూసివెయ్యలేదు. నౌకాదళం వాళ్ళకు రెండు మూడేళ్ళకొకసారి బదిలీలు. జిప్సీ దంపతులు ముంబయి వెళ్ళిపోయారు, ఆ తరవాత లెక్క తప్పని నావిగేటరు మాకు మళ్ళీ దొరకలేదు. నేను ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళాను. లేఅవుట్లో ఇళ్ళు లేచాయి. డాక్టరుగారికి చూపు తగ్గింది, హెరాల్డ్ షెడ్డులో నిలిచింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మావయ్య షెడ్డు మీద పక్కింటి చెట్టు కూలింది. మిగతా ఇనుప బండ్లకు అయితే సొట్ట పడేది, స్టార్మ్ ఒంటికి మాత్రం పగులు వచ్చింది. దాన్ని ఓడల్లో ఫైబరు పని చేసే కుర్రవాళ్ళు అతికిపెట్టారు. ఎక్కడ పగిలిందో వేలితో తడిమితే తప్ప తెలియదు.

ఆ కారును మావయ్య కొన్నేళ్ళ కిందట రాజమండ్రి కుర్రవాడొకడికి అమ్మాడు. డబ్బు కోసం కాదు, మోకాళ్ళ వల్ల. అంత కిందికి కూర్చోవడం, అందులోంచి లేవడం ఇక ఆయన వల్ల కాలేదు. ఈ మధ్య సంక్రాంతికి నేను అక్కడ ఉండగా ఆ కుర్రవాడు ఫోను చేశాడు. ఎక్కడో టీఎస్‌డీ ర్యాలీకి పేరిచ్చాడట. "అంకుల్, మీటరు ఎంత తేడా చూపిస్తుందో గుర్తుందా?" అని అడిగాడు. మావయ్య ఫోను స్పీకరులో పెట్టి నా వైపు చూశాడు. నూటికి రెండున్నర ఎక్కువ అన్నాను.

"టైర్లు మార్చావా?" అని అడిగాడు మావయ్య. మార్చానన్నాడు అతను. "అయితే ఆ లెక్క గంగలో కలిసినట్టే. హైవే ఎక్కి, కిలోమీటరు రాళ్ళు పది దాటేదాకా నువ్వే కొలుచుకో" అన్నాడు. ఆ తరవాత అరగంటకు పైగా రోడ్‌బుక్కు ఎలా చదవాలో, పక్క సీట్లో ఎలాంటివాణ్ణి కూర్చోబెట్టుకోవాలో, మార్షల్స్ నీడ ఉన్న చోటే ఎందుకు కూర్చుంటారో అన్నీ తను కనిపెట్టినట్టే చెప్పాడు. "ముందొచ్చినా ఆలస్యమైనా ఒకటేనోయ్, సెకనుకు ఒక్క పాయింటే" అని ఆయన అంటుండగా నేను కుర్చీలోంచి లేచి, "రెండు, ముందొస్తే రెండు" అని ఫోనులో వినపడేలా అరిచాను.